షుగర్ ఉన్న పెద్దలకు చిగుళ్ల జబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ ఉన్నవారు ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటారు, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటారు, పాదాలకు దెబ్బ తగలకుండా జాగ్రత్తపడతారు. నోరు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. షుగర్ డాక్టరు చాలాసార్లు నోరు తెరవమనరు, పళ్ల డాక్టరు చాలాసార్లు షుగర్ ఎంతుందని అడగరు. ఈ నిర్లక్ష్యం మధ్య బంగారంలాంటి పళ్లు పోతున్నాయి. హైదరాబాదులో చిగుళ్ల వైద్యం కోసం వచ్చేవారు, వారికి తోడుగా వచ్చే కుటుంబసభ్యులు మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

షుగర్ రక్తంలో ఉంటుంది కదా, చిగుళ్లకు దానితో ఏమిటి సంబంధం?

పంటికీ చిగురుకూ మధ్య అందరికీ ఒక సన్నని సందు ఉంటుంది. బ్రష్ సరిగా అందని ఆ సందులో పాచి చేరుతుంది, పాచిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. వాటిని అడ్డుకోవడానికి శరీరం తెల్లరక్తకణాలను పంపుతుంది. షుగర్ చాలాకాలం అదుపు తప్పి ఉంటే ఆ కణాలు మందగిస్తాయి. క్రిములను చంపే పని సరిగా జరగదు, వాపు మాత్రం చల్లారకుండా రగులుతూనే ఉంటుంది. రక్తంలో మిగిలిపోయిన గ్లూకోజు ప్రొటీన్లకు అతుక్కుని కొన్ని హానికర పదార్థాలుగా మారుతుంది. ఇవి చిగుళ్లలో పేరుకుని వాపును మరింత ఎగదోస్తాయి, చిగురును పట్టి ఉంచే కొల్లాజెన్‌ను పాడుచేస్తాయి. సన్నని రక్తనాళాల గోడలు మందమై, గాయం మానడానికి కావలసిన రక్తం చాలినంత అందదు. ఎముకను కరిగించే కణాలు చురుకవుతాయి, కొత్త ఎముకను కట్టే కణాలు వెనకబడతాయి.

అందుకే ఒకే ఇంట్లో, ఒకే పేస్టుతో, ఒకే తీరున పళ్లు తోముకునే అన్నదమ్ముల్లో షుగర్ ఉన్న ఒకరికే పళ్లు కదిలిపోవచ్చు. అదుపులో లేని షుగర్ ఉన్నవారికి చిగుళ్ల జబ్బు వచ్చే ముప్పు మిగతావారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. నార్వేకు చెందిన దంతవైద్య పరిశోధకుడు హరాల్డ్ లో (Harald Löe) 1993లోనే దీన్ని షుగర్ తెచ్చిపెట్టే ఆరో ఉపద్రవంగా లెక్కించారు. అప్పటికే పేరున్న ఐదు ఏవంటే కళ్లు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు దెబ్బతినడం, పుండ్లు మానకపోవడం.

చిగుళ్ల జబ్బు వల్ల షుగర్ పెరగడం కూడా ఉంటుందా?

ఉంటుంది. ఈ సంగతి చెప్పినప్పుడు చాలామంది నమ్మలేనట్టు చూస్తారు. నోటి నిండా చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో వాచి, పుండుపడిన లోపలి చర్మాన్ని మొత్తం కలిపితే ఎనిమిది నుంచి ఇరవై చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని అంచనా. అంత పుండు మోచేతి మీద ఉంటే ఒక్కరోజు కూడా ఊరుకోం. చిగుళ్ల లోపల ఉంది కనుక కనిపించదు. నమిలిన ప్రతిసారీ అక్కడి నుంచి క్రిములు, వాపును పెంచే రసాయనాలు రక్తంలోకి చేరుతుంటాయి. వాటివల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అవే మాత్రలు, అదే తిండి, అదే నడక ఉన్నా షుగర్ దిగిరాదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా ఆదివాసులను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. షుగర్‌తో పాటు తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారికి తర్వాతి ఏళ్లలో షుగర్ అదుపు తప్పడం ఎక్కువగా కనిపించింది. గుండె, కిడ్నీ జబ్బులతో చనిపోయే ముప్పు వారిలో సుమారు మూడు రెట్లు ఉంది. చిగుళ్ల జబ్బే ఆ మరణాలకు కారణమని దీన్నిబట్టి తేల్చలేం. అయితే షుగర్ ఉన్నవారు నోటిని వదిలేయకూడదనడానికి ఇది చాలు.

అయితే చిగుళ్లకు వైద్యం చేయించుకుంటే షుగర్ తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో, చిగుళ్లను లోతుగా శుభ్రం చేయించుకున్న మూడు నాలుగు నెలలకు సగటున 0.3 నుంచి 0.4 వరకు తగ్గుదల కనిపిస్తోంది. అంటే 8.2 ఉన్నవారికి 7.8 దాకా రావచ్చు. అన్ని పరిశోధనలూ ఒకేలా చెప్పలేదు. 2013లో వెలువడిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో తేడా కనిపించలేదు. ఆ తర్వాత వచ్చిన వాటినీ కలిపి 2022లో చేసిన సమగ్ర సమీక్ష మాత్రం తగ్గుదల నిజమేనని తేల్చింది.

ఈ తగ్గుదల మాత్రలకు బదులు కాదు. పళ్లు శుభ్రం చేయించుకున్నామని మందులు ఆపితే ప్రమాదం. చిగుళ్ల వైద్యంతో షుగర్ పూర్తిగా నయమవుతుందని ఎవరైనా ప్రకటన ఇస్తే నమ్మవద్దు.

నాకు నొప్పే లేదు. అయినా చిగుళ్ల జబ్బు ఉండవచ్చా?

ఉండవచ్చు. ఈ జబ్బుతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. పుచ్చిపోయిన పన్ను నిద్రపోనివ్వదు, చిగుళ్ల జబ్బు మాత్రం ఏళ్లపాటు సడి లేకుండా ఎముకను తినేస్తుంది. ‘నొప్పి కూడా లేదండీ, జామకాయ కొరికితే పన్ను చేతిలోకి వచ్చేసింది’ అని చెప్పేవారిని చూస్తూనే ఉంటాం.

తోముకునేటప్పుడు రక్తం, పొద్దున లేవగానే దుర్వాసన, చిగురు ఎర్రబడి ఉబ్బడం లేదా కిందికి జారి పన్ను పొడవుగా కనిపించడం, పళ్ల మధ్య కొత్తగా సందులు, చిగురు నొక్కితే చీము, నమిలితే పన్ను కదిలినట్టు అనిపించడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపించుకోండి. చిగుళ్ల నుంచి రక్తం రావడాన్ని మన ఇళ్లలో వేడి చేసిందని కొట్టిపారేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చిగురు నుంచి తోముకుంటే రక్తం రాదు.

డాక్టరు ఏం చూస్తారో తెలిస్తే భయం తగ్గుతుంది. మొన మొద్దుగా ఉండే సన్నటి కొలత పుల్ల ఒకటి ఉంటుంది. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. చిగురుకూ పంటికీ మధ్య దాన్ని సుతారంగా దించి, పంటి చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు. డాక్టరు ‘రెండు, మూడు, రెండు, ఐదు’ అని చెబుతుంటే పక్కనున్నవారు రాసుకుంటారు. మీరూ వినండి. మూడు దాకా మామూలే. నాలుగు, ఆపైన ఉన్న అంకెలు, కొలిచాక రక్తం చిమ్మిన చోట్లు జబ్బు ఎక్కడుందో చెబుతాయి. తర్వాత ఎక్స్‌రేలో ఎముక ఎంత కరిగిందో చూస్తారు. ఈ కొలత తీయకుండా పైపైన చూసి బాగానే ఉందంటే, కొలవమని మీరే అడగండి.

నాకు షుగర్ లేదు. చిగుళ్లు చూసి డెంటిస్టు రక్తపరీక్ష రాశారు. ఎందుకు?

మంచి పని చేశారు. వయసుకు మించి ఎముక కరగడం, చిగుళ్ల మీద మళ్లీ మళ్లీ చీముగడ్డలు లేవడం, పన్ను తీశాక పుండు త్వరగా మానకపోవడం కొన్నిసార్లు బయటపడని షుగర్‌కు గుర్తులు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. తమకు ఉందని తెలియనివారు వీరిలో చాలామంది.

హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 అంచు, 6.5 ఆపైన షుగర్. పరగడుపున 126, అంతకు మించి ఉన్నా షుగర్ కిందే లెక్క. ఏ లక్షణాలూ లేనప్పుడు రెండోసారి పరీక్షించి ఖాయం చేస్తారు.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయంటారు. నిజమేనా?

కాదు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినన్ని పళ్లు మరే కారణం వల్లా పోలేదేమో అనిపిస్తుంది. పాచి గట్టిపడితే గార అవుతుంది, దాన్ని తీసేయడమే స్కేలింగ్. గార పేరుకున్న కొద్దీ దాని కింద ఎముక కరుగుతుంది, పన్ను అప్పటికే వదులై ఉంటుంది. గార ఆ వదులు పళ్లను ఒకదానికొకటి అతికించినట్టు పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేయగానే ఉన్న కదలిక బయటపడుతుంది. వాచిన చిగురు తగ్గడంతో సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లటి నీళ్లు జివ్వుమంటాయి. రెండు మూడు వారాల్లో చిగురు బిగుసుకుంటుంది. కదలిక మరీ ముదరకపోతే అది కూడా కొంత తగ్గుతుంది.

స్కేలింగ్‌తో సరిపోతుందా? ఆపరేషన్ కావాలా?

జబ్బు ఎంత దూరం వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. చిగురు వాపు వరకే ఉంటే స్కేలింగ్, ఇంట్లో శ్రద్ధ చాలు, పూర్తిగా పూర్వస్థితికి వస్తుంది. ఎముక కరగడం మొదలైతే చిగురు కింద వేర్ల మీద ఉన్న గారను కూడా తీయాలి. మత్తు ఇచ్చి, రెండు నుంచి నాలుగు విడతల్లో చేస్తారు. ఆరు నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్లీ కొలిచి, ఇంకా లోతుగా మిగిలిన చోట్ల మాత్రమే చిగురును తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే వైద్యం.

షుగర్ ఎంతుందన్నది ఇక్కడ నేరుగా లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న వర్గీకరణలో హెచ్‌బీఏ1సీ 7 లేదా అంతకు మించి ఉంటే జబ్బు వేగంగా ముదిరే తరగతిలో చేరుస్తారు. రోజుకు పది సిగరెట్లు, ఆపైన కాల్చేవారినీ అందులోనే చేరుస్తారు. వీరు ఏడాదికోసారి వస్తే చాలదు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ఖర్చు పెరుగుతుందని తెలుసు. ఒక పన్ను పోయాక పెట్టించుకునే కట్టుడు పన్ను ఖర్చుతో పోల్చి చూసుకోండి.

యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గించవచ్చా?

గార అలాగే ఉంచి మాత్రలు మింగితే నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ మొదలవుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవద్దు.

పన్ను తీయించుకుందామని వెళ్తే షుగర్ ఎక్కువుందని వెనక్కి పంపారు. ఇప్పుడెలా?

ఆగగలిగిన పని అయితే షుగర్ డాక్టరును కలిసి అదుపులోకి తెచ్చుకుని వెళ్లడం మంచిదే. పుండు త్వరగా మానుతుంది. కానీ చీము పట్టి, ముఖం వాచి ఉంటే షుగర్ తగ్గేదాకా ఆగమనడం సరికాదు. ఆ చీము ఉన్నంతకాలం షుగర్ తగ్గదు, షుగర్ తగ్గనంతకాలం చీము మానదు. ఇలాంటప్పుడు ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని ఒకేసారి వైద్యం చేయాలి. అవసరమైతే ఆసుపత్రిలో చేర్చుకుని ఇన్సులిన్ ఇస్తూ చీము తీసేస్తారు.

డెంటిస్టు దగ్గరికి వెళ్లేరోజు పరగడుపున ఉండాలా?

వద్దు. నోటికి మాత్రమే మత్తిచ్చే వైద్యానికి టిఫిన్ తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని, వీలైతే ఉదయం పూటే వెళ్లండి. ఇన్సులిన్ తీసుకుని తినకుండా వెళితే కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, కంగారు మొదలైతే వెంటనే చెప్పండి. భయం వల్ల అనుకుని ఊరుకోవద్దు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి.

మందుల చీటీ, తాజా హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట ఉంచుకోండి. గుండె కోసం రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, సొంతంగా ఆపవద్దు.

బీపీ మాత్రలు మొదలుపెట్టాక చిగుళ్లు లావయ్యాయి. ఇది కూడా షుగర్ వల్లేనా?

మాత్ర పేరు చూడండి. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్లు కండలు పెరిగినట్టు ఉబ్బుతాయి. పాచి ఎక్కువున్న చోట మరీ ఉబ్బుతాయి. షుగర్, బీపీ రెండూ ఉన్నవారు మన దగ్గర చాలా ఎక్కువ కనుక తరచుగా చూస్తాం. బీపీ డాక్టరును అడిగితే వేరే మాత్రకు మార్చగలరేమో చూస్తారు. మీరుగా మానేయకండి.

గుట్కా, జర్దా మానితే నిజంగా తేడా వస్తుందా?

వస్తుంది. పొగాకు చిగుళ్లలో రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. అందువల్ల జబ్బు ముదిరినా రక్తం రాదు, చిగుళ్లు బాగున్నాయనే భ్రమ కలుగుతుంది. షుగరూ పొగాకూ కలిసిన నోట్లో ఏ వైద్యమైనా సగమే పనిచేస్తుంది. నోటి క్యాన్సర్ ముప్పు ఎలాగూ ఉంది. నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, మానని పుండు రెండు వారాలు దాటినా వెంటనే చూపించుకోండి.

వేపపుల్ల, ఉప్పు, బొగ్గుపొడి వాడవచ్చా?

వేపపుల్ల తప్పేమీ కాదు. కానీ పళ్ల లోపలి వైపుకు, సందుల్లోకి అది సరిగా చేరదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు పళ్లపొడులు పంటిని అరగదీస్తాయి, మానేయండి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది, గార మాత్రం పోదు.

మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోండి. బ్రష్‌ను చిగురు అంచు వైపు కొంచెం వాల్చి చిన్నచిన్నగా కదపాలి. రంపంతో కోసినట్టు అడ్డంగా లాగకూడదు. రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దున కంటే ముఖ్యం. ఎందుకంటే నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. పళ్ల మధ్య సందులు పెద్దవైనవారికి దారం (ఫ్లాస్) కంటే సందుల్లోకి దూరే చిన్న బ్రష్ బాగా పనిచేస్తుంది. చెంపవైపు బాగా తోమి నాలుకవైపు వదిలేసేవారే ఎక్కువ, కింది ముందుపళ్ల వెనక గార కట్టడానికి అది కూడా ఒక కారణం.

రంజాన్ ఉపవాసాల్లో నోరు ఎండిపోతుంది, ఏం చేయాలి?

నోరు ఎండితే పాచి త్వరగా పేరుకుంటుంది. సహరీ తిన్నాక, రాత్రి పడుకునే ముందు బాగా తోముకోండి. పగలు మిస్వాక్ (పళ్లు తోముకునే పుల్ల) వాడేవారు నిశ్చింతగా వాడవచ్చు. చిగురు అంచుల దగ్గర మెల్లగా రుద్దాలి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు బాగా తాగండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వేళలు మార్చడం మాత్రం ఉపవాసాలు మొదలవకముందే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలు చేసేవారికీ ఇదే వర్తిస్తుంది.

తిండి విషయంలో ఏం చూసుకోవాలి?

పళ్లు పోయినవారి కంచం గమనించండి. జొన్నరొట్టె పోతుంది, పచ్చి కూరగాయలు పోతాయి, పల్లీలు పోతాయి. ఇడ్లీ, ఉప్మా, మెత్తటి అన్నం మిగులుతాయి. షుగర్‌ను త్వరగా పెంచేవి ఇవే. పళ్లను కాపాడుకోవడం షుగర్ వైద్యంలో భాగమని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం కనిపించదు. పళ్లు లేకుండా పీచు పదార్థం ఉన్న తిండి తినమని సలహా ఇస్తే ఆ మనిషి ఏం చేయగలరు?

ఇరానీ చాయ్ రోజంతా గుక్కగుక్కగా తాగే అలవాటు పళ్లకూ చెడ్డదే, షుగర్‌కూ చెడ్డదే. తాగాక నీళ్లతో పుక్కిలించండి.

నా పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు ఎంత స్కేలింగ్ చేసినా పోవు. గారేనా?

మీ చిన్నతనం నల్లగొండ వైపు, ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో గడిచి ఉంటే అవి ఫ్లోరోసిస్ మచ్చలు కావచ్చు. పంటి లోపలే ఏర్పడినవి కనుక స్కేలింగ్‌తో పోవు. చిగుళ్లకు వాటివల్ల నష్టం లేదు.

నగరంలో ఎక్కడ చూపించుకోవాలి?

అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ చిగుళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. నగరంలోని ప్రైవేటు దంతవైద్య కళాశాలల్లోనూ బయటి క్లినిక్‌ల కంటే తక్కువ ఖర్చుతో చేస్తారు. రద్దీ ఉంటుంది, ఉదయమే వెళ్లండి. షుగర్, బీపీ చూపించుకోవడానికి దగ్గర్లోని బస్తీ దవాఖానా ఉంది. ఎక్కడికి వెళ్లినా చిగుళ్ల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు ఉన్నారా అని అడగండి.

ఏవి కనిపిస్తే అదేరోజు ఆసుపత్రికి పరుగెత్తాలి?

దవడ కింద, మెడ వైపు వాపు పాకడం, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టం కావడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏదున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. షుగర్ ఉన్నవారిలో పంటి చీము గంటల్లోనే పాకవచ్చు.

ఇంకొకటి బ్లాక్ ఫంగస్. 2021లో కొవిడ్ రెండో దశ తర్వాత కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. వారిలో అత్యధికులకు అదుపు తప్పిన షుగర్ ఉంది. ఇప్పుడు అరుదే అయినా పోలేదు. పైపళ్లు ఉన్నట్టుండి వదులు కావడం, అంగిలి మీద నల్లటి మచ్చ, ఒకవైపు ముఖం మొద్దుబారడం, కన్ను వాచడం దాని గుర్తులు.

షుగర్ ఉన్నవారు ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకోవచ్చా?

షుగర్ అదుపులో ఉంటే నిరభ్యంతరంగా పెట్టించుకోవచ్చు. అదుపులో లేకపోతే ఎముకకు అతుక్కోవడం ఆలస్యమవుతుంది, తర్వాత దాని చుట్టూ కూడా చిగుళ్ల జబ్బు వచ్చే ముప్పు ఉంటుంది. ముందు మిగిలిన పళ్ల చిగుళ్లను బాగు చేయించుకోండి.

మా అమ్మకు పళ్లన్నీ పోయి కట్టుడు పళ్లు ఉన్నాయి. ఇక చూపించాల్సిన పని లేదు కదా?

ఉంది. షుగర్ ఉన్నవారి నోట్లో కట్టుడు పళ్ల కింద ఫంగస్ త్వరగా పడుతుంది. అంగిలి ఎర్రగా మారుతుంది, లేదా గోకితే పోయే తెల్లటి పొర కనిపిస్తుంది, కారం తగిలితే మంట. రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, నీళ్లలో ఉంచమనండి. పెట్టుకునే నిద్రపోవడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి. కొన్నేళ్లకు దవడ ఎముక తగ్గి సెట్టు వదులవుతుంది, ఒరుసుకుని పుండ్లు పడతాయి. నరాలు మొద్దుబారిన పెద్దవారికి ఆ పుండు తెలియకపోవచ్చు. నెలకోసారి సెట్టు తీసి, మంచి వెలుతురులో మీరే అమ్మ నోరు చూడండి. ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించండి.